మధుమేహము మూత్రపిండములను చెరచు విధము - మన సంఘముల బాధ్యత

గట్టు తెగినను, ఆకుమీద మచ్చ కనబడినను, ఎద్దు కుంటినను రైతు ఆనాడే పరుగెత్తును. కంటికి కనబడిన కీడును మన గ్రామములలో ఎవరును ఉపేక్షింపరు. కనబడని కీడు మాట వేరు. మధుమేహము, అనగా వాడుకలో చక్కెర వ్యాధి, మూత్రపిండములకు చేయు నష్టము ఈ రెండవ జాతికి చెందినది. అది అనేక సంవత్సరములు నొప్పి లేక, వాపు లేక, పనికి ఆటంకము లేక లోలోపల సాగిపోవును. కాళ్లు వాచి, ముఖము ఉబ్బి, ఆకలి చెడి రోగి ఆసుపత్రికి చేరునాటికి మూత్రపిండముల శక్తిలో పెద్ద పాలు హరించిపోయి యుండును. అప్పటికి మచ్చకట్టిన భాగమును తిరిగి యథాస్థితికి తేగల మందు నేటికిని లేదు.

ఈ నష్టము మొదట ఎచట తల యెత్తుచున్నదో శాస్త్రజ్ఞులు గడచిన ఇరువదియైదు సంవత్సరములలో చాలవరకు తెలిసికొనిరి. అది మూత్రపిండ కణములలోని మైటోకాండ్రియా అను అతి సూక్ష్మములైన శక్త్యాగారములలో కనబడుచున్నది. ఇట్టి సంగతులు పండితులకే గాని సేద్యగాండ్రకేల యని కొందరు సభ్యులు అనవచ్చును. నా అభిప్రాయము వేరు. నష్టము ఎచట, ఎప్పుడు మొదలగునో తెలిసినవాడే పరీక్ష ఎప్పుడు చేయించుకొనవలెనో తెలిసికొనును. "నాకేమియు బాధ లేదు గదా" యను మాట ఎంత నిరాధారమో వాడే గ్రహించును. సంవత్సరమున కొకమారు సభ్యులందరి మూత్రమును, రక్తమును పరీక్ష చేయించు ఏర్పాటు ప్రతి సహకార సంఘమును చేయవలెనని నేను వాదింపబోవుచున్నాను గనుక, ఆ వాదమునకు ఆధారమైన విషయమును ముందుగా సభ్యుల యెదుట నుంచుట న్యాయము.

చక్కెర వ్యాధి పట్టణములలో కూర్చుండి తినువారి వ్యాధి యనియు, ఎండలో కష్టించు రైతు దరి చేరదనియు ఒక నమ్మకము గ్రామములలో ఇంకను కలదు. భారత వైద్య పరిశోధనా మండలి వారి సహాయముతో జరిగిన అధ్యయన ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. వాని ప్రకారము దేశములో 10.1 కోట్ల మందికి మధుమేహము కలదు. మరి 13.6 కోట్ల మంది దాని గడపమీద నున్నారు. ఇంతమంది పట్టణములలోనే యున్నారనుట పొసగదు. ట్రాక్టరును, కోతయంత్రమును వచ్చిన పిమ్మట పొలములో పూర్వపు కష్టము తగ్గినది. పాలిష్ పట్టిన తెల్లబియ్యపు అన్నము మాత్రము కంచములో తగ్గలేదు. మధుమేహము గలవారిలో సుమారు మూడింట ఒకరికి కాలక్రమమున మూత్రపిండముల జబ్బు కలుగుచున్నది.

మధుమేహమును మన పూర్వులు ఎరుగనివారు కారు. చరక సుశ్రుతులు ప్రమేహములను ఇరువది విధములుగా విభజించి, మధుమేహమును వానిలో చేర్చిరి. రోగి మూత్రమునకు చీమలు మూగుట ప్రాచీన వైద్యులు కనిపెట్టిన గుర్తు. అయితే మూత్రము తీయనగుట వేరు, మూత్రమును పుట్టించు అవయవమే చెడుట వేరు. మధుమేహ రోగుల మూత్రపిండములలో ఒక విశేషమైన మచ్చకట్టుట యున్నదని 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అను ఇరువురు వైద్యులు వర్ణించిరి. నాటి సూక్ష్మదర్శినికి కనబడినది కాలిపోయిన ఇంటి బూడిద. నిప్పు ఎచట అంటుకొన్నదో చూచుటకు చాలకాలము పట్టినది.

మూత్రపిండములు రెండును కలిసి దేహభారములో నూటికి అరపాలు మాత్రమే. కాని గుండె వెడలగొట్టు రక్తములో ఐదవ వంతునకు తక్కువ గాకుండ వానికే పోవుచున్నది. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల జల్లెడలు, ఆ జల్లెడలకు తగిలించిన సన్నని నాళికలు కలవు. ఈ జల్లెడల గుండ దినమునకు సుమారు 180 లీటర్ల నీరు వడియును. మనము విసర్జించునది లీటరున్నర, రెండు లీటర్లు. మిగిలినదంతయు నాళికలు వెనుకకు లాగికొని రక్తములో కలుపుచున్నవి. నీటితోపాటు దినమునకు సుమారు కిలోన్నర ఉప్పును, 160 మొదలు 180 గ్రాముల వరకు చక్కెరను వడిసిపోయి, తిరిగి లోనికి తేబడుచున్నవి. ఆరోగ్యవంతుని మూత్రములో చక్కెర కనబడకపోవుటకు కారణమిదియే.

కాలువ నీరు పల్లమునకు తానే పారును, ఎత్తునకు తోడుటకు మాత్రము మోటారు కావలెను. ఈ సంగతి మనకు ఎవరును చెప్పనక్కరలేదు. జల్లెడలో నీరు వడియుట పల్లమునకు పారుట వంటిది. దానిని తోయునది గుండె ఒత్తిడియే. నాళికలు ఉప్పును చక్కెరను తిరిగి తోడుకొనుట ఎత్తునకు తోడుట. అందుచేతనే జల్లెడను ఆనుకొనియున్న మొదటి మెలికల నాళికలోని ప్రతి కణములోను మైటోకాండ్రియాలు కిక్కిరిసి యుండును. దేహములో గుండె తరువాత ఇవి ఇంత దట్టముగా నుండునది మూత్రపిండములలోనే.

మైటోకాండ్రియా ఆహారమునుండి వచ్చిన పదార్థమును ప్రాణవాయువు సహాయమున దహించి, ఆ శక్తిని ఏటీపీ అను రసాయన రూపమున కణమునకు అందించును. మూత్రపిండ నాళికలు ఈ పనికి ముఖ్యముగా కొవ్వును వాడుకొనును. దహనమనగా మంట లేచుట గాదు. ఎలక్ట్రానులు ఒక వరుసలో చేతినుండి చేతికి మారుచు చివరకు ప్రాణవాయువును చేరును, అచ్చట నీరు పుట్టును. వరుస సరిగా నున్నంతకాలము నష్టము స్వల్పము. వరుస ఒత్తిడికి లోనైనప్పుడు కొన్ని ఎలక్ట్రానులు దారి తప్పి ప్రాణవాయువును సూపరాక్సైడు అను తీక్ష్ణమైన రూపమునకు మార్చును. ఇది తన దరినున్న మాంసకృత్తులను, కొవ్వు పొరలను, జన్యుపదార్థమును కొరికివేయు స్వభావము కలది. మైటోకాండ్రియాకు కణకేంద్రములోనిది గాక ప్రత్యేకముగా తనదైన జన్యుపదార్థము కొంచెము, 37 జన్యువులు మాత్రము, కలదు. ఈ ఆస్తి మనకు తల్లినుండియే సంక్రమించును, తండ్రి వాటా లేదు. సూపరాక్సైడు పుట్టు చోటనే అది ఉండుటచేత దెబ్బ తినుటకును ముందు అదియే సిద్ధముగా నుండును.

ఇక మధుమేహము ఇచట చేయునదేమి? కండరములలోని కణములలోనికి చక్కెర పోవుటకు ఇన్సులిన్ అనుమతి కావలెను. మూత్రపిండ నాళికల కణములు అట్టి తలుపు లేని ఇండ్ల వంటివి. రక్తములో చక్కెర రెట్టింపైనప్పుడు జల్లెడ గుండ వడియు చక్కెరయు రెట్టింపగును. నాళికలు దానిని వృథా పోనీయక తోడుకొనుటకు పూనుకొనును, తోడు యంత్రములను సైతము హెచ్చించుకొనును. దేహమునకు కరవు కాలమున మేలుచేసిన ఈ పొదుపు బుద్ధి ఇప్పుడు కీడగుచున్నది. ప్రతి చక్కెర అణువుతోపాటు ఉప్పును లోనికి వచ్చును, ఆ ఉప్పును కణమునుండి అవతలకు నెట్టుటకు ఏటీపీ ఖర్చు కావలెను. పని పెరిగినకొలది ప్రాణవాయువు ఖర్చు పెరుగును. మూత్రపిండపు లోపలి భాగమునకు ప్రాణవాయువు సహజముగనే తక్కువ. ఒకే ట్రాన్స్‌ఫార్మరుమీద పరిమితికి మించిన మోటార్లు తగిలించినప్పుడు కరెంటు దిగిపోయి మోటారు చుట్టలు మాడిపోవుట మనము ప్రతి వేసవిలోను చూచుచున్నదే. ఇదియు అట్టిదే.

దీనికి తోడు ఉప్పు ఎక్కువగా వెనుకకు పోవుటచేత నాళిక చివర నున్న కావలి కణములకు "ఉప్పు తక్కువగా వచ్చుచున్నది, వడియుట చాలదు" అను తప్పు వార్త చేరును. అవి జల్లెడకు వచ్చు రక్తపు దారిని వెడల్పు చేయును. జల్లెడమీద ఒత్తిడి పెరుగును. మధుమేహము తొలిదశలో మూత్రపిండములు మామూలుకంటె ఎక్కువ వడకట్టుట ఇందువలననే. ఆ దశలో లెక్కలు చూచినవారికి మూత్రపిండములు మహా బలముగా నున్నట్లే తోచును.

శక్త్యాగారముల లోపల జరుగునది యేమన్న విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదని చెప్పుట ధర్మము. అమెరికాకు చెందిన మైఖేల్ బ్రౌన్లీ 2001లో ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. మితిమీరిన చక్కెర వలన మైటోకాండ్రియాలలో సూపరాక్సైడు అధికముగా పుట్టుటయే కంటికి, నరములకు, మూత్రపిండములకు గల్గు చెరుపులన్నిటికిని మూలమని ఆయన వాదము. చాలకాలము ఇదియే వేదవాక్యముగా నడచినది. 2013లో మరికొందరు శాస్త్రజ్ఞులు మధుమేహము గల చుంచెలుకల మూత్రపిండములను పరీక్షించి, వానిలో సూపరాక్సైడు ఎక్కువగుటకు మారుగా తక్కువైనదనియు, శక్త్యాగారములే మందగించినవనియు చూపిరి. ఆ సంవత్సరమే మధుమేహపు మూత్రపిండ రోగుల మూత్రమును పరీక్షించిన ఒక అధ్యయనములోను మైటోకాండ్రియాల పని తగ్గినదని సూచించు గుర్తులు కనబడినవి. నిప్పురవ్వలు ఎగయుట ముందా, పొయ్యి చల్లారుట ముందా యన్నది ఇంకను తేలలేదు. మొదట అతిగా మండి పిమ్మట చల్లారునని ఇరువురిని సమాధానపరచువారును కలరు. ఎటు తేలినను రైతునకు అందువలన మారునది లేదు. పొయ్యి చెడుచున్నదన్న విషయమున ఇరుపక్షముల వారికిని భేదము లేదు.

ఆరోగ్యమైన కణములో మైటోకాండ్రియాలు పొడుగు దారముల వలె ఒకదానితో నొకటి కలియుచు, విడిపోవుచు నుండును. పాడైన తునకను కణము ఏరి, జీర్ణము చేసికొని, క్రొత్తదానిని నిర్మించుకొనును. ఎండుటాకును కోసివేసి చేనును శుభ్రముగా నుంచుకొను రైతు పద్ధతియే ఇది. మధుమేహములో రెండు చెరుపులు కలుగుచున్నవి. శక్త్యాగారములు మితిమీరి తునకలగుట యొకటి. పాడైనవానిని ఏరివేయు పని మందగించుట రెండవది. 2016లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, చుంచెలుకల జల్లెడ కణములలో ఈ తునియుటను ఆపగా మూత్రములో పోవు ఆల్బుమిన్ తగ్గినది. ఏరివేత లేని చేనులో తెగులు నిలువ యున్నట్లు, చెడిన మైటోకాండ్రియాలు కణములో పేరుకొని పొరుగువానిని చెరచును.

పొయ్యి మందగించినప్పుడు కట్టెలు పేరుకొనును. నాళికా కణములు కొవ్వును దహించలేక తమలోనే నిలువ చేసికొనును. మచ్చకట్టిన మూత్రపిండములలో కొవ్వును దహించు యంత్రాంగము క్షీణించి, కొవ్వు బిందువులు నిలిచిపోయినవని 2015లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. శక్తి చాలని కణము పని మానును, లేదా చచ్చును. చచ్చినదాని చుట్టు వాపు పుట్టి, నారపోగు వంటి మచ్చ అల్లుకొనును. జల్లెడను కాళ్లతో కౌగిలించుకొని కాపాడు కణములు మరి కొన్ని కలవు. అవి రాలిపోయినచో వాని స్థానమున క్రొత్తవి పుట్టుట మిక్కిలి స్వల్పము. జల్లెడ కన్నములు పెద్దవగును. రక్తములో నుండవలసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములోనికి జారిపోవును.

శక్త్యాగారములు చెడుట ఫలమే గాని కారణము కాదేమో యని సందేహించువారికి రెండు సాక్ష్యములు కలవు. మధుమేహము కలిగించిన ఎలుకలలో మూత్రమున ఆల్బుమిన్ కనబడుటకు ముందే మైటోకాండ్రియాలలో మార్పులు కనబడినవి. మనుష్యులలో మరియొక అరుదైన జబ్బు కలదు. మైటోకాండ్రియా జన్యుపదార్థములో ఒక్క అక్షరము మారుటచేత తల్లినుండి బిడ్డలకు మధుమేహమును, చెవుడును కలిసి వచ్చును. 1992లో ఈ మార్పును గుర్తించిరి. ఆ కుటుంబములలో కొందరికి మూత్రపిండములును చెడిపోవుచున్నవి. అనగా శక్త్యాగారము చెడుటయే మూత్రపిండమును చెరచుటకు చాలునన్నమాట.

సభ్యులు ముఖ్యముగా గమనింపవలసినది ఇక చెప్పుచున్నాను. పైన వర్ణించినదంతయు జరుగుచున్నను రోగికి ఏమియు తెలియదు. అంతకంటె మోసకరమైనది మరియొకటి కలదు. ఆసుపత్రిలో సాధారణముగా చేయు క్రియాటినిన్ అను రక్తపరీక్ష సైతము చాలకాలము మామూలుగనే యుండును. మూత్రపిండముల శక్తి సుమారు సగము పోవువరకు ఆ అంకె గడప దాటకుండవచ్చును. "క్రియాటినిన్ బాగున్నది, భయము లేదు" అని ధైర్యముతో ఇంటికి పోవువారు మన గ్రామములలో ఎందరో. తొలిదశను పట్టి ఇచ్చునది వేరొక పరీక్ష. మూత్రములో ఆల్బుమిన్‌కును క్రియాటినిన్‌కును గల నిష్పత్తిని చూచు పరీక్ష యది. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉన్నచో మామూలు. 30 దాటినచో జల్లెడ కారుచున్నదన్నమాట, 300 దాటినచో జబ్బు ముదిరినది. రక్తములోని క్రియాటినిన్‌ను బట్టి, వయస్సును బట్టి వడకట్టు శక్తిని లెక్క కట్టుట రెండవ పరీక్ష. అది 60కి తగ్గి మూడు నెలలు దాటినచో మూత్రపిండముల జబ్బు కలదని వైద్యులు నిర్ణయింతురు. ఈ రెండును కలిసి యుండవలెను, ఒకదానితో సరిపెట్టుకొనరాదు. పెద్దవయస్సున వచ్చు మధుమేహమును కనుగొన్ననాడే ఈ పరీక్షలు చేయించి, పిమ్మట ఏటేట చేయించుచుండవలెను. అది ఏనాటినుండి లోపల నున్నదో ఎవరికిని తెలియదు గనుక ఆలస్యము పనికిరాదు.

ముందు తెలిసినచో చేయదగినదేమైన కలదా యని అడుగుట సహజము. కలదు. ముప్పది నలువది ఏండ్ల క్రిందట ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు వైద్యులు సంకోచించెడివారు. 1993లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, బాల్యయౌవనములలో వచ్చు మధుమేహము వలన మూత్రపిండములు చెడుచున్న 409 మందిపై కాప్టోప్రిల్ అను మందును పరీక్షించిరి. మరణము, రక్తశుద్ధి యంత్రము, మూత్రపిండ మార్పిడి, ఈ మూడింటిని కలిపి చూడగా ప్రమాదము సగమునకు తగ్గినది. బ్రెజిల్ దేశపు ఒక జాతి పాము విషమును పరిశీలించుటవలన పుట్టిన మందు ఇది. జల్లెడమీద ఒత్తిడిని తగ్గించుట దాని గుణము.

తరువాత వచ్చిన మందుల కథ తోటల సేద్యము చేయువారికి మరింత రుచించును. 1835లో ఐరోపా రసాయనజ్ఞులు ఆపిలు చెట్టు బెరడునుండి ఫ్లోరిజిన్ అను చేదు పదార్థమును వేరు చేసిరి. దానిని పుచ్చుకొన్నచో మూత్రములో చక్కెర పోవునని 1886లో ఫన్ మేరింగ్ అను జర్మను వైద్యుడు చూపెను. నాళికలు చక్కెరను తోడుకొను యంత్రమును అది అడ్డగించునని చాలకాలమునకు తెలిసినది. ఆ దారిని పట్టి చేసిన నేటి మందులే కానాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. 2019లో కానాగ్లిఫ్లోజిన్‌ను 4,401 మందిపై పరీక్షింపగా, మూత్రపిండములు పూర్తిగా చెడుట, క్రియాటినిన్ రెట్టింపగుట, మూత్రపిండముల వలన గాని గుండె వలన గాని మరణించుట అను వాని మొత్తము ప్రమాదము నూటికి 30 పాళ్లు తగ్గినది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పరీక్ష కూడ, మధుమేహము లేనివారిని సైతము చేర్చి, ఇట్టి మేలునే చూపినది. తోడు పని తగ్గినందున నాళికల శక్త్యాగారములకు విశ్రాంతి దొరకుట ఈ మేలునకు ఒక కారణమని పరిశోధకులు తలచుచున్నారు. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశమున 2020లో ముగిసినది. పెక్కు కంపెనీలు దానిని తయారుచేయుటచేత ధర దిగినది.

ఈ పేర్లను వ్రాసికొని పోయి మందుల దుకాణములో అడుగుమని నా భావము కాదు. వాంతులు, విరేచనములు, నిరాహారము ఉన్న దినములలో ఈ మందులు ప్రమాదము తెచ్చును. బాల్యయౌవనములలో ఇన్సులిన్ లోపమున వచ్చు మధుమేహము గలవారికి మరింత ప్రమాదము. వైద్యుని నిర్ణయముననే పుచ్చుకొనవలెను. రక్తపోటును సాధారణముగా 130/80 లోపున నుంచుట, మూడు నెలల సగటు చక్కెరను వైద్యుడు చెప్పిన హద్దులో నుంచుట, ఉప్పు తగ్గించుట, పొగాకు మానుట, ఇవన్నియు మందులతోపాటు నడువవలసినవే.

రైతులలో ప్రత్యేకముగా కానవచ్చు దురభ్యాసమొకటి కలదు. నాట్లు, కోతల దినములలో నడుము నొప్పికి, కీళ్ల నొప్పికి దుకాణములో ఇచ్చు మాత్రలను రోజుల తరబడి మ్రింగుట. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి ఈ మాత్రలు మూత్రపిండములకు పోవు రక్తపు దారిని ఇరుకు చేయును. ఎండలో చెమటోడ్చి నీరు చాలక యున్న దేహములో, మధుమేహముచే ముందే దెబ్బతిన్న మూత్రపిండములకు ఇది గోరుచుట్టుమీద రోకటిపోటు. పారాసిటమాల్ ఈ జాతిది కాదు. పుచ్చుకొనక తప్పనిచో మితముగా దానినే పుచ్చుకొనవచ్చును. లోహభస్మములు కలిపిన పేరు తెలియని పొడులను నమ్మి వైద్యుని మందు మానుట మరియొక అనర్థము.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానము పేరు విన్నవారు, మూత్రపిండముల జబ్బు అనగానే నీటి దోషమని సరిపెట్టుకొనుచున్నారు. ఉద్దానములో మధుమేహముగాని, రక్తపోటుగాని లేని సేద్యగాండ్రకును ఈ జబ్బు వచ్చుచున్నది. దాని కారణము ఇంకను నిర్ధారణ కాలేదు. అది వేరు వ్యాధి. మధుమేహపు మూత్రపిండ వ్యాధికి కారణము మనకు తెలియును, పరీక్ష కలదు, మందు కలదు. తెలియని వ్యాధి పేరు చెప్పి తెలిసినదానిని విడిచిపెట్టుట వివేకము కాదు.

మూత్రపిండములు పూర్తిగా చెడినవానికి వారమునకు రెండు మూడు మార్లు, మారునకు సుమారు నాలుగు గంటల సేపు, యంత్రముతో రక్తశుద్ధి జరుగవలెను. బీదలకు దీనిని ఉచితముగా జరిపించుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో ఒక పథకమును ప్రారంభించినది. రాష్ట్ర ప్రభుత్వముల ఆరోగ్య పథకములును కలవు. ఇది గొప్ప ఉపకారమే. అయినను యంత్రమున్న పట్టణమునకు పోవు బస్సు చార్జీలను, వెంట పోవువాని కూలిని, పడిపోయిన సేద్యమును ఏ పథకమును పూర్తిగా తీర్చజాలదు. ఇంటిలో ఒకరు రోగి, ఒకరు తోడు. వారమునకు మూడు దినములు పోయినచో నీరు కట్టువాడెవడు? పంట తగ్గును, సంఘమునకు వాయిదా తప్పును, పిమ్మట పొలము కవులుకు, కవులునుండి విక్రయమునకు పోవును. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది రైతును వడ్డీవ్యాపారి చేతినుండి తప్పించుటకు. రోగము చేయించు అప్పు ఆ వ్యాపారి గుమ్మమునకే వానిని తిరిగి పంపుచున్నది.

సంఘములు అప్పులు, ఎరువులు, విత్తనములు చూచుకొనవలెను గాని మూత్రపరీక్షలతో వానికేమి పని యని పాలకవర్గములలో కొందరు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ నిలువదు. 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య సహకార సూత్రములను పునర్విమర్శించినప్పుడు, తాము నివసించు సమాజము క్షేమమును చూచుకొనుట ఏడవ సూత్రముగా చేర్చినది. మన పొరుగున కర్ణాటకమున సహకార సంఘముల రైతు సభ్యుల కొరకు యశస్విని అను ఆరోగ్య పథకము 2003లో అమలునకు వచ్చినది. లక్షలాది సభ్యులు చిన్న చందాలు చెల్లించి శస్త్రచికిత్సల సహాయము పొందిరి. అక్కడ సహకార సంఘములు చేయగలిగిన పనికి మన సంఘములు చాలవని నేను ఒప్పుకొనను. పైగా శస్త్రచికిత్సతో పోల్చినచో మూత్రపరీక్ష ఖర్చు లెక్కలోనికి రాదు.

ముప్పది ఏండ్లు దాటినవారికి రక్తపోటును, చక్కెరను పరీక్షించు ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉన్నది. సంఘము వారితో పోటీ పడనక్కరలేదు. ఖరీఫు ఋణముల దరఖాస్తులు పుచ్చుకొను వారములో, ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారితో మాటాడి, సంఘపు కార్యాలయములోనే రెండు దినములు శిబిరము పెట్టించవచ్చును. ఆ దినములలో సభ్యులందరును ఎటులను వత్తురు. చక్కెర యున్నదని తేలినవారికి మాత్రము మూత్రపు ఆల్బుమిన్ పరీక్షను, క్రియాటినిన్ పరీక్షను జిల్లా ఆసుపత్రిలో గాని, బేరమాడుకొనిన ప్రయోగశాలలో గాని చేయించి, ఆ ఖర్చును లాభములనుండి కేటాయించు మొత్తములో భరింపవచ్చును.

రెండు జాగ్రత్తలు మాత్రము తప్పనిసరి. పరీక్ష ఫలితము రోగికిని వైద్యునికిని తప్ప కార్యదర్శికి గాని, పాలకవర్గమునకు గాని తెలియరాదు. "వీనికి మూత్రపిండముల జబ్బు, అప్పు తిరిగి రాదు" అని ఋణము తగ్గించుటకు ఆ కాగితము ఉపయోగపడునేని, మరుసటి సంవత్సరము ఒక్కడును పరీక్షకు రాడు, రాకుండుట న్యాయము కూడ. ఇక రెండవది. వాటాలు పెక్కు మగవారి పేరనే యుండుటచేత శిబిరము మగవారి శిబిరముగా మారును. పొలములో సగము పని చేయునది ఆడవారే. ఇంట చక్కెర పరీక్ష చివరకు చేయించుకొనునదియు వారే. సభ్యుని కుటుంబమంతయు అర్హులని తీర్మానములోనే వ్రాయవలెను.

పరీక్షకు వచ్చువారికి కార్యదర్శి ముందుగా చాటింపు వేయించి చెప్పవలసిన మాటలు కొన్ని కలవు. ఉదయమున మొదటి మూత్రమును శుభ్రమైన సీసాలో తెచ్చుట మేలు. జ్వరము తగిలిన దినమున, ముందటి దినము విపరీతమైన కాయకష్టము చేసిన పిమ్మట, స్త్రీలు ఋతుకాలమున ఈ పరీక్షకు ఇచ్చినచో అంకె తప్పుగా ఎక్కువ రావచ్చును. ఒకమారు 30 దాటినంత మాత్రమున బెదరిపోరాదు, మూడు మొదలు ఆరు నెలల లోపల మరి రెండు మార్లు పరీక్షించి, మూడింటిలో రెండు మార్లు ఎక్కువగా నున్నచోనే జబ్బుగా లెక్కింపవలెను. ఈ రెండవ, మూడవ పరీక్షలకు తిరిగి రావలసిన తేదీలను సభ్యుని పాసుపుస్తకపు అట్ట లోపల వ్రాసి యిచ్చినచో వాయిదా తేదీవలె అవియు గుర్తుండును.